సూసి పలుకమ్మీ

దల్మా కొండలు కుడిచేతి పక్కకి వచ్చాయి. కింద సువర్ణరేఖ, దాని వంపు దాటితే కార్ఖానా పొగగొట్టాలు, ఆ తర్వాత సోనారి ఎయిర్‌పోర్టు. తొమ్మిదిమంది పట్టే చిన్న విమానం మాది. ఎడమ సీట్లో కెప్టెన్, కుడి సీట్లో నేను. పుట్టిన ఊళ్ళో పైలట్‌గా దిగడం నాకదే మొదటిసారి కాబట్టి పొద్దున లేచిన దగ్గర్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. రన్‌వే కనబడగానే నేను అనాల్సిన మాటలు ఇంగ్లీషులో ఖాయంగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి అవే అంటున్నాను. అలాంటిది ఎండలో మెరుస్తున్న ఆ బుల్లి రన్‌వే కంటబడేసరికి నా కుడిచెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"హోమ్ గ్రీన్" అన్నాను.

కెప్టెన్ తల తిప్పి నావైపు చూశాడు. మనిషి మహా స్ట్రిక్టు. గాల్లో అక్కర్లేని మాట ఒక్కటి దొర్లినా కిందికి దిగాక క్లాసు పీకుతాడు. ఆయనేం చేశాడో తర్వాత చెబుతాను. ముందు ఆ మాట ఎవరిదో చెప్పాలి.

మా మావయ్యది. అమ్మకి అన్న. టాటానగర్‌లో రైలింజన్ డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. పోయిన చలికాలంలో చనిపోయాడు. నేను ఏడవలేదనుకోకండి, బాగానే ఏడ్చాను. కాని ఆయన్ని తలుచుకోగానే ముందు వచ్చేది నవ్వే, ఏం చెయ్యను.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు చెయ్యి చాచి దాని పేరూ రంగూ పైకి చెబుతాడు, దాన్ని సిగ్నల్ పిలవడం అంటారు. పక్కనున్న అసిస్టెంటు తానూ చూసి అదే మాట తిరిగి పలకాలి. ఒకరి కన్ను పొరబడినా రెండోవారి కన్ను పట్టుకుంటుందని ఆ ఏర్పాటు. స్టేషన్లోకి రానిచ్చే సిగ్నల్‌ని హోమ్ అంటారు. అది గ్రీన్ అయితే ఇంటికి చేరినట్టే. మావయ్య డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఆ పద్ధతి మాత్రం దిగేది కాదు.

స్కూటరు మీద వెనక కూర్చున్నామంటే మేం అసిస్టెంట్లం. బిష్టుపూర్ చౌరస్తాలో చెయ్యి చాచి "రెడ్" అనేవాడు. వెనకనుంచి "రెడ్" అని పలకాలి. "ముందర గేదె, కాషన్." "గేదె, కాషన్." కాషన్ అంటే జాగ్రత్త. చుట్టూ బళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు, మావయ్యకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఇంట్లో కూడా అంతే. అత్త వంటింట్లోంచి విసురుగా వస్తుంటే గొంతు తగ్గించి "అత్త వత్తంది, కాషన్" అనేవాడు. నేనూ గొంతు తగ్గించి పలికేదాన్ని. అత్తకి వినబడేది.

"ఏటండీ, పిల్లకి ఇయ్యా నేర్పుతన్నారు?" అనేది.

నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు ఒకసారి జామపండు తింటూ, చూడకుండానే "గ్రీన్" అని పలికాను. నిజానికి మావయ్య కావాలనే తప్పు చెప్పాడు, అక్కడున్నది రెడ్. స్కూటరు పక్కకి ఆపి, దిగి, నా ముందు నిలబడ్డాడు. ఆయన నన్ను కసిరింది ఆ ఒక్కసారే.

"సూడకుండా పలికితే ఏటవుద్దో ఎరికా? ఇద్దరం పోతాం. ఎనకాల బండి బండంతా పోతాది. నాను సెప్పేనని పలకొద్దు. కనబడితే పలుకు, కనబడకపోతే నోరు ముయ్యి. సూసి పలుకమ్మీ."

ఆ జామపండు ఏం చేశానో గుర్తులేదు గాని ఆ మాట మాత్రం ఎముకల్లోకి పోయింది.

కళ్ళంటే ఆ ఇంట్లో పిచ్చి అనే చెప్పాలి. బండి నడిపే రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళల్లో అంతే. కంటి పరీక్షలో తప్పితే ఇంజన్ దింపి ఏ ఆఫీసు కుర్చీలోనో పడేస్తారు. అందుకని మెడికల్ వస్తోందంటే అత్త ఇక్కడ ముంగా సాగ్ అని అమ్మే మునగాకుని పప్పులో, వేపుడులో, చివరికి దోసెల పిండిలో కూడా కలిపేసేది. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళకంటే ముందు మావయ్య వాళ్ళని వీధి గుమ్మంలోకి తీసుకెళ్ళి, దూరంగా దల్మా వైపు చూపించేవాడు. "కొండ మీద టవరుంది, కనబడతందా?" కనబడకపోతే ఆ చుట్టం మీద జాలిపడి అత్తతో "ఈ బాబుకి మునగాకెయ్యి" అనేవాడు. తను మాత్రం పేపరు చేతులు పూర్తిగా చాచి పట్టుకుని చదివేవాడు. అడిగితే ఈమధ్య అచ్చు సన్నంగా వేస్తున్నారని పేపరువాళ్ళని తిట్టేవాడు.

మా నాన్న కార్ఖానాలో ఇంజినీరు. మాది కద్మాలో క్వార్టరు. మా మేడ మీంచి సోనారిలో దిగే చిన్న విమానాలు పొట్ట కింద రంగుతో సహా కనబడేవి. నేను విమానం నడుపుతానని ఎప్పుడు అనడం మొదలుపెట్టానో నాకే తెలీదు. ఇంట్లో అందరూ నవ్వి ఊరుకుంటే, నిజమని నమ్మింది మావయ్యొక్కడే. కాలనీలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. "మా మేనగోడలు గాలిలో డ్రైవరవుద్ది. కళ్ళు సూడండి, మా పోలిక."

ఆ కళ్ళే కొంప ముంచాయి.

పదో తరగతిలో ఉండగా జుగ్సలాయి దగ్గర రైలు గేటు పడితే ఆగాం. మావయ్య పట్టాల వెంట దూరంగా చూసి చెయ్యి చాచాడు. "హోమ్ గ్రీన్."

నేను చూశాను. పట్టాలున్నాయి, ఎండ ఉంది, ఎక్కడో పొడుగ్గా ఏదో స్తంభం లాంటిది ఉంది. దాని తలమీద ఏముందో అంతా అలికేసినట్టుంది. నోరు మూసుకున్నాను.

"పలకవేటి?"

"దిఖ్ నహీ రహా, మావయ్యా. కనబడట్లేదు."

ఆయన వెనక్కి తిరిగి నా ముఖం వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. గేటు లేచింది. వెనక హారన్లు మోగుతున్నాయి. మావయ్య స్కూటరు స్టార్ట్ చెయ్యడం మర్చిపోయాడు.

కళ్ళజోడు వచ్చింది, మైనస్ పవరు. దాంతోపాటు తీర్పు కూడా వచ్చింది. కళ్ళ సంగతిలో మా రెండిళ్ళకీ మావయ్యే సుప్రీంకోర్టు.

"ఇంక అవదు. అద్దాలున్నోడిని ఇంజన్‌లో అసిస్టెంటుగా కూడా తీసుకోరు. కంటికి నేజరు ఆపరేసన్ సేయించుకున్నా గేటుకాడే ఆపేత్తారు. పట్టా మీద నడిసే బండికే అలగుంటే గాలిలో దానికి ఒప్పుకుంటారేటి?" అన్నాడు.

నేను ఫోన్లో వెతికి చూపించబోయాను, అద్దాలున్నవాళ్ళూ నడపొచ్చని ఎవరో రాశారని. మావయ్య చూడనైనా చూడలేదు. "ఫోన్లో ఎవడు పడితే ఆడు రాత్తాడు. డాక్టరు రాయాల" అన్నాడు. రైల్వే రూలే భూమ్మీదా ఆకాశంలోనూ రూలని ఆయన అనుకోవడంలో ఆశ్చర్యం లేదు, బతుకంతా ఆ రూలు కిందే గడిచింది. ఆశ్చర్యం ఏమిటంటే పెద్ద చదువులు చదివిన మా నాన్న కూడా తలూపడం. పైలట్‌కి కళ్ళు బంగారంలా ఉండాలని ఆయనా ఎక్కడో విన్నాడట. నేను తలుపేసుకుని రెండుపూటలా అన్నం మానేశాను. మావయ్య కూడా సరిగ్గా తినడం లేదని అత్త ఫోన్ చేసి చెప్పింది.

ఆ ఆదివారం మావయ్య వచ్చి, "రా, ఇమానాల్ని ఓపాలి సూసొద్దాం" అన్నాడు. ఓదార్చడానికి మనిషికి తోచిన మార్గం అది, పుండు మీద కారం చల్లడం. సోనారి కంచె పక్కన టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. ఒక బుల్లి విమానం దిగింది. ఆగింది. తలుపు తెరుచుకుంది. పైలట్ కిందికి దిగి హెడ్‌సెట్ తీసి, జేబులోంచి గుడ్డ తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మావయ్య చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"అమ్మీ, ఆడికి అద్దాలున్నాయి."

"అవును మావయ్యా."

"సూసి పలుకు."

"చూసే పలుకుతున్నాను. కళ్ళజోడే. మందంగా కూడా ఉంది."

అప్పుడు నాలో ఆశ పుట్టింది. మావయ్యలో మాత్రం కోపం పుట్టింది. మనుషుల్ని ఎక్కించుకుని అద్దాలతో నడపడమేమిటి, వీడినెవడు పాస్ చేశాడు, కంప్లైంట్ ఇస్తానని గేటు దగ్గరికి దూసుకుపోయాడు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. నేను వెనక పరిగెత్తాను. ఆ పైలట్ మోటార్‌సైకిల్ తీసుకోడానికి బయటికొచ్చేసరికి మావయ్య దారికడ్డంగా నిలబడి ఉన్నాడు.

"సర్, ఆప్ చష్మా లగాకే ప్లేన్ ఉడాతే హైఁ?"

"జీ."

"మెడికల్ వాలే డాక్టర్‌కో పతా హై?"

ఆయన పగలబడి నవ్వాడు. డాక్టరుకి తెలియడమేమిటి, ఆయనే కదా రాసిచ్చింది అన్నాడు. జేబులోంచి ఇంకో కళ్ళజోడు తీసి చూపించాడు. మంచి మనిషి, ఎండలో నిలబడి మావయ్యకి అన్నీ విడమర్చి చెప్పాడు. అద్దాలతో చూపు పూర్తిగా వస్తే చాలు, నడపొచ్చు. కాకపోతే ఒక జత పెట్టుకోవాలి, ఇంకో జత చెయ్యి చాస్తే అందేచోట ఉండాలి. కొందరు కంట్లో పెట్టుకునే లెన్సులు వాడతారు, వాళ్ళకీ కళ్ళజోడు దగ్గరుండాల్సిందే. కొందరు లేజరు చేయించుకుంటారు, కొన్నాళ్ళు ఎగరనివ్వకుండా ఆపి మళ్ళీ పరీక్ష చేసి పంపిస్తారు. ఎండకి పెట్టుకునే నల్లద్దాల్లో మెరుపుని కోసేసే రకం మాత్రం పనికిరాదు, ఎదురుగా ఉన్న స్క్రీనే నల్లబడిపోతుంది. రంగులు తేడాగా కనబడేవాళ్ళకి మాత్రం ఏ అద్దమూ ఏ ఆపరేషనూ సాయం చెయ్యలేదు.

మావయ్య నా భుజం పట్టి ముందుకు తోశాడు. "ఈ బచ్చీ సర్. రంగులు బ్రహ్మాండంగా సెబుతాది. పవరు ఇంత. అవుద్దా?" సగం హిందీ, సగం తెలుగు. ఆయనకి ఎంత అర్థమైందో గాని, నా కళ్ళజోడు తీయించి, వెలుగుకి పట్టి చూసి, "బన్ జాయేగీ" అన్నాడు, పైలట్ అవుతుందని.

మావయ్య ఆ రోజు బడ్డీ దగ్గరున్న జిలేబీ అంతా కొనేశాడు. టీ తాగుతున్నవాళ్ళకి, గేటు దగ్గర సెక్యూరిటీకి, ఆ పైలట్‌కి, ఎవరో దారినపోయే ఆయనకి కూడా పంచాడు. తిరిగి కద్మా వచ్చేదాకా కనబడ్డ ప్రతిదాన్నీ పిలిచాడు. స్తంభం, గ్రీన్. రిక్షా, గ్రీన్. పోలీసు, గ్రీన్. ఇద్దరం గొంతు చించుకుని అరుస్తూ వచ్చాం. గేటు దగ్గర స్కూటరు ఆగకముందే మా అమ్మతో "అవుద్దట" అన్నాడు. ఏమవుతుందో కూడా చెప్పలేదు.

ఆ తర్వాత మనిషి పూర్తిగా అటు తిరిగిపోయాడు. కాలనీలో అద్దాలున్న పిల్లల్ని ఆపి "అధైర్యపడకు" అనేవాడు. అసలు సంగతేమిటో వాళ్ళకి తెలిసేది కాదు. నాకు రెండో కళ్ళజోడు తనే చేయించాడు. ఇక అప్పట్నుంచి చనిపోయేదాకా, ఫోనెత్తితే హలో లేదు, తిన్నావా లేదు. "స్పేర్ ఏదీ?" అనేవాడు. బ్యాగులో ఉందంటే ఒప్పుకునేవాడు కాదు. "సెయ్యి సాత్తే అందాల" అనేవాడు. నా పెళ్ళి పీటల మీద కూడా అడిగాడు. మా ఆయన జేబులోంచి తీసి చూపించాడు. ఆ ఒక్కదానికే మా ఆయన మావయ్యకి తెగ నచ్చేశాడు.

కళ్ళజోడుతోనే మెడికల్ పాసయ్యాను. ట్రైనింగులో ఉండగా నాకు లేజరు మీద మనసు పోయింది. హెడ్‌సెట్ నొక్కి కళ్ళజోడు కాడలు చెవుల వెనక పుండ్లు పడేలా చేసేవి. లెన్సులు పెట్టి చూస్తే పైన పొడిగాలికి కళ్ళు మండేవి. సెలవులకి వచ్చినప్పుడు కాసిడీహ్‌లో ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. మావయ్య నాకంటే ముందు చెప్పులేసుకున్నాడు, ఆపడానికి.

"కంటి మీద కత్తెడితే మల్లీ లైనెక్కనివ్వరు. అద్దాలతో బాగానే ఉంది కదేటి?" అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ ఓపికమంతురాలు. ఇది కత్తి కాదు, వెలుగుతో కంటి నల్లగుడ్డు ముందున్న పొరని సరిచెయ్యడమని చెప్పింది. పవరు నిలకడగా ఉండాలి, పొరకి తగినంత మందం ఉండాలి. చేశాక కొన్ని నెలలు ఆగాలి, రాత్రిళ్ళు దీపాల చుట్టూ వెలుగు చెదరకుండా కనబడుతోందో లేదో చూస్తారు, అన్నీ బాగుంటే మళ్ళీ ఫిట్ ఇస్తారు అంది.

మావయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆపరేసన్ అయినాక మల్లీ ఫిట్ ఇత్తారా?"

"ఇస్తారు."

"మల్లీ సీట్లో కూకోనిత్తారా?"

"కూర్చోనిస్తారండీ."

ఆయన మళ్ళీ వెనక్కి జరిగి కూర్చున్నాడు. నా కళ్ళు కొలిచారు. పొర పల్చగా ఉంది, నీకు లేజరు వద్దు, కళ్ళజోడే హాయి అని తేల్చేశారు. నాకు ఒళ్ళు మండింది. విసురుగా లేచాను. నా వెనకే లేచిన మావయ్య పక్కనున్న స్టూలుని గుద్దుకుని దాదాపు పడబోయాడు. డాక్టరమ్మ ఆయన వంక ఒక క్షణం చూసి, "మీరొకసారి ఇలా కూర్చోండి" అంది. టార్చి వేసి చూసింది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరిపోయి ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందండీ?"

"నాకేటీ నేదమ్మా" అన్నాడు మావయ్య. "నాను కంటి మెడికల్‌లో ఏ-వన్ తోనే రిటైరయ్యేను."

అప్పటికి రిటైరై ఎన్నో ఏళ్ళయింది. దింపడానికి ఇంజనూ లేదు, దింపేవాడూ లేడు. అయినా సరే కంటికి ఆపరేషన్ అంటే అన్‌ఫిట్ ముద్ర పడ్డట్టే ఆయన లెక్క. అందుకే ఎవరికీ చెప్పకుండా ఆ మసకలోనే బతుకుతున్నాడు. ఎవరెంత చెప్పినా వద్దన్నాడు.

ఆటోలో తిరిగి వస్తున్నాం. స్కూటరు అప్పటికే అమ్మేశాడు, మోకాళ్ళ నొప్పులని చెప్పి. సాక్చి చౌరస్తా వచ్చింది. మావయ్య "అదేటమ్మీ?" అన్నాడు. "రెడ్" అన్నాను. వెంటనే చెయ్యి చాచి "రెడ్" అన్నాడు.

ఎప్పట్నుంచి ఇలా? ముందు ఆయన పిలిస్తే నేను పలకడం కదా మా పద్ధతి. ఎప్పుడు తిరగబడిందో నేను గమనించనేలేదు. ఆయన నన్ను అడిగి, నేను చూసినదాన్ని తను చూసినట్టు పలుకుతున్నాడు. నేను దూరంగా ఉన్నప్పుడు అత్త కళ్ళతో పలుకుతున్నాడు కాబోలు.

"మావయ్యా" అన్నాను. "నువ్వు చూడకుండా పలుకుతున్నావు."

ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఇద్దరం పోతామని నువ్వే చెప్పావు."

ఆటోవాడు అద్దంలోంచి మా ఇద్దర్నీ చూశాడు. మావయ్య ఇల్లు చేరేదాకా ఒక్క సిగ్నల్ కూడా పిలవలేదు. నాకు ఏడుపొచ్చింది గాని నా మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త ఫోన్. "మీ మావయ్య లుంగీ, తువ్వాలు సంచీలో సర్దుకుని కుర్చీలో కూకున్నారే. ఆసుపత్రికి పోదారని. ఏటి మంత్రమేసేవే నువ్వు?"

ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు అత్తా నేనూ మంచం పక్కన నిలబడ్డాం. డాక్టరమ్మ గుడ్డ తీసి, నెమ్మదిగా కళ్ళు తెరవమంది. మావయ్య తెరిచాడు. రెప్పలు కొట్టుకున్నాడు. అత్త వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు. చెయ్యి మెల్లగా లేచి ముందుకు చాచుకుంది.

"దల్మా మీద టవరు."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, చూసి, పలికాను. "దల్మా మీద టవర్."

అప్పుడు నావైపు తిరిగాడు. ముఖం నిండా వెలుగు. నా కళ్ళలోకి చూస్తాడనుకున్నాను.

"ఎడం అద్దం మీద ఏలిముద్రుంది. తుడుసుకో" అన్నాడు. "స్పేర్ ఏదీ?"

అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలీలేదు. డాక్టరమ్మ కూడా నవ్వింది. మావయ్య మాత్రం మహా సీరియస్‌గా "ఇప్పుడు నాను ఫిట్టేనా?" అని అడిగాడు. ఫిట్టేనని ఆవిడ చెప్పేదాకా మంచం దిగలేదు. రెండో కంటికి ఆయనే తొందరపెట్టాడు.

ఆ తర్వాత చివరిదాకా ఆదివారాలు సోనారి కంచె దగ్గరే. నేను ఎక్కడెక్కడో ఎగురుతుంటే, ఈయన ఇక్కడ దిగిన ప్రతి విమానాన్నీ పిలిచి, రాత్రి ఫోన్లో నాకు అప్పజెప్పేవాడు. "నువ్వు సోనారిలో దిగే రోజు ముందు సెప్పు. కంచెకాడ నిలబడతాను. నీ అద్దాలు మెరుత్తాయి, నాకు కనబడతాది" అనేవాడు. ఆ రోజు వచ్చేసరికి ఆయన లేడు. అదొక్కటే నా బాధ, ఇంకేమీ కాదు.

ఇక మా కెప్టెన్ సంగతి.

హోమ్ గ్రీన్ అనేశాక నాకు సిగ్గేసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, అనాల్సిన ఇంగ్లీషు మాట గబగబా అన్నాను. "చెక్డ్" అన్నాడాయన, రూలు ప్రకారం. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కింద కద్మా మేడలు జరిగిపోతున్నాయి. కళ్ళజోడు సర్దుకున్నాను. స్పేర్ చెయ్యి చాస్తే అందేచోటే ఉంది.

అప్పుడు ఆయన ఇంకోసారి ముందుకు చూశాడు. రన్‌వే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, తొందర లేకుండా చూశాడు. ఆ మాటకి అర్థం ఆయనకి తెలీదు. నేను ఎవరితో అన్నానో అసలు తెలీదు. కాని కాక్‌పిట్‌లో ఒకరు పిలిచాక రెండోవారు పలకాలి, అది మాత్రం తెలుసు.

చూసి, పలికాడు. "హోమ్ గ్రీన్."